చెత్తబుట్ట లేని షాపు

"నాలుగింటికి పోలీసులొస్తారు," అన్నాడు అత్తరు, నేను గడప దాటానో లేదో. "ఫోర్జరీ కేసు. మీరొచ్చి లాభం లేదక్కగారూ. ఎండన పడి వచ్చారు, మంచినీళ్ళు తాగి వెళ్ళండి."

నాకు ముందు తుమ్మొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. వీడితో నాకెప్పుడూ ఇదే వరస. మనిషి మంచి డిటెక్టివే, కాదనను. కానీ రోజూ అరసీసా సెంటు ఒంటిమీద కుమ్మరించుకుని తిరుగుతాడు. అందుకే మా లైన్లో అందరూ అతన్ని అత్తరు అంటారు. అతను వీధి మలుపు తిరిగేసరికే దొంగలు వాసన పట్టి పారిపోతారని ఒక జోకు ఉంది. పుట్టించింది నేనే.

"నా మంచినీళ్ళ సంగతి నేను చూసుకుంటాలే గానీ, టైమెంతయింది?"

"రెండున్నర."

"ఇంకా గంటన్నర ఉందన్నమాట. నువ్వు పప్పులో కాలేశావని తేల్చడానికి గంట చాలు. మిగతా అరగంట తుమ్ముకుంటా."

అతను నవ్వి, కుర్చీ లాక్కుని షట్టరు పక్కనే కూర్చున్నాడు. ఎవరూ జారుకోకుండా కాపలా అన్నమాట.

అది పాత పుస్తకాలకి కొత్త అట్టలు వేసే బైండింగు షాపు. ఒక్కటే పొడవాటి గది, వెనక ఇంట్లోకి తలుపు. మధ్యలో పెద్ద బల్ల, దాని మీద సూదులు, దారపు రీళ్ళు, జిగురు గిన్నె, కాగితం కోసే కత్తి. గోడవార పుస్తకాలు నొక్కిపెట్టే ఇనుప ప్రెస్సు. ఈ షాపుని జీవితమంతా నడిపిన పెద్దాయన పోయిన నెలలో నిద్రలోనే కన్నుమూశాడు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు, అందులో ఎవరికీ అనుమానం లేదు. అనుమానమంతా ఆయన వదిలి వెళ్ళిన వీలునామా మీదే.

బల్లకి అవతల స్టూలు మీద చిన్నకోడలు కూర్చుని ఉంది. ఆమె భర్త, అంటే పెద్దాయన చిన్నకొడుకు, నాలుగేళ్ళ కిందట కారు ప్రమాదంలో పోయాడు. పిల్లల్లేరు. అప్పట్నుంచీ ఈ షాపునీ మామగారినీ కనిపెట్టుకుని ఉన్నది ఆమే. నన్ను చూసి లేచి నిలబడింది, మళ్ళీ కూర్చోవాలా వద్దా అన్నట్టు అందరి మొహాలూ చూసింది. నా వృత్తిలో దొంగల్ని చూశాను, అమాయకుల్నీ చూశాను. ఏమీ అడక్కముందే ఇంత తప్పు చేసినట్టు ఉన్న మనిషిని మాత్రం చూడలేదు.

అత్తరుని పెట్టుకుని కేసు పెట్టింది పెద్దాయన పెద్దకొడుకు. నన్ను పిలిపించింది వకీలమ్మ. వీలునామా కవరు రెండు చేతులతో పట్టుకుని నా వెనకే లోపలికొచ్చింది.

"మొదట్నుంచీ చెప్పవే," అన్నాను. "అత్తరు కూడా వింటాడు, కాస్త తెలివొస్తుంది."

"ఈ వీలునామా రాసింది మా నాన్నగారక్కా," అంది వకీలమ్మ. "ఆయన పద్ధతి నీకు తెలుసుగా. ఆస్తి రాసే మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టుకుని మాట్లాడేవారు. ఇంట్లోవాళ్ళెంతటివాళ్ళైనా సరే, గది బయటే. మనిషి మతి స్థిమితంగా ఉందని డాక్టరు చేత రాయించేవారు. వీలునామాలో తమకంటూ ఏమీ దక్కనివాళ్ళని ఇద్దర్ని సాక్షులుగా పిలిచేవారు. ముగ్గురూ ఒకే గదిలో, ఒకరి కళ్ళముందు ఒకరు, ప్రతి పేజీ అడుగునా సంతకం పెట్టాలి. చివర్న తనే పిన్నులు కొట్టి, చచ్చినా ఈ పిన్నులు ఊడదీయొద్దని చెప్పి పంపేవారు."

"మరి ఆ పిన్నులేవీ?" అన్నాడు అత్తరు కుర్చీలోంచి.

వకీలమ్మ కవరులోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది.

మూడు పేజీలు. పిన్నులు లేవు. ఎడమ అంచున ఆకుపచ్చ దారంతో చక్కగా కుట్టి ఉంది. ఎంత చక్కగా అంటే, కోర్టులో పెట్టాల్సిన కాగితమని తెలియకపోతే ముచ్చటపడి కొనుక్కునేలా ఉంది. నేను కళ్ళద్దాలు పైకి నెట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను.

మొదటి పేజీ మూలన నాలుగు సన్నని చిల్లులు, వాటి చుట్టూ తుప్పు మరక. ఒకప్పుడు పిన్నులు ఉన్న గుర్తు. మూడో పేజీలోనూ అంతే. రెండో పేజీ మూల మాత్రం శుభ్రంగా ఉంది. దానికి పిన్ను ముట్టనేలేదు. అడుగున సాక్షుల సంతకాల్లేవు. పెద్దాయన సంతకం ఒక్కటే ఉంది, అదీ వణికి వణికి గీత దాటిపోయింది.

"చూశారుగా," అన్నాడు అత్తరు. "అసలు పేజీ పీకి, కొత్త పేజీ పెట్టి కుట్టేశారు. కొత్త పేజీలో ఏముంది? షాపు చిన్నకోడలికి, ఇల్లు పెద్దకొడుక్కి. పాత పేజీలో ఏముందో ఎవరికీ తెలీదు. షాపు కూడా తనకే రాసి ఉంటారని పెద్దకొడుకు అంటున్నాడు. సాక్షులు సంతకం చూసే సాక్షులు గానీ, లోపలి సంగతి చదివే సాక్షులు కాదు. వీలునామా రాసిన వకీలు పోయారు. ఆఫీసులో ఉండాల్సిన నకలు కూడా లేదు."

"నకలు నా వల్లే పోయింది," అంది వకీలమ్మ. ఆమె మెడదాకా ఎర్రబడింది. "కింది గదిలో ఫైళ్ళు పైకి మార్చమని నాన్నగారు పోయే ముందు కూడా చెప్పారక్కా. రేపు, ఎల్లుండి అనుకుంటూ కూర్చున్నాను. పోయిన వానలకి నీళ్ళొచ్చి ఆ బీరువా మొత్తం ముద్దయిపోయింది. అది సరిగ్గా ఉంటే ఇవాళ ఈ అమ్మాయికి ఈ గతి పట్టేది కాదు."

ఫీజు ఎంతని కూడా అడక్కుండా ఆమె నన్ను కాళ్ళావేళ్ళా పడి పిలిచింది ఇందుకే.

నేను స్టూలు దగ్గరికెళ్ళి చిన్నకోడలికి ఎదురుగా కూర్చున్నాను. "ఎవరమ్మా కుట్టింది?"

"మావయ్యగారు," అంది ఆమె, బల్లని చూస్తూ.

"ఈ సంతకం చూడు. పేరు రాయడానికే ఇంత వణికిన చెయ్యి, దారం సూదిలోకి ఎక్కించి, తాడు పెట్టి గీసినట్టు ఇంత తిన్నగా కుట్టిందా? నా చెవిలో పువ్వు కనిపిస్తోందా?"

ఆమె బల్ల మీది ఆకుపచ్చ దారపు ముక్క చేతిలోకి తీసుకుంది. "నేనే కుట్టాను మేడమ్."

"హమ్మయ్య!" అన్నాడు అత్తరు. కుర్చీలోంచి సగం లేచాడు. "విన్నారుగా? ఒప్పుకుంది."

"కూర్చో నాయనా. కుట్టానంది. మార్చానంది విన్నావా?"

"ఇంకా ఉంది. వీధి చివర జెరాక్స్ షాపులో ఆ పేజీ టైపు చేయించిన రోజు ఈవిడ అక్కడే ఉంది. ఆ షాపువాడు గుర్తుపట్టాడు."

"మావయ్యగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను," అంది చిన్నకోడలు. "నన్ను గుమ్మం దగ్గరే ఆపేశారు. వకీలుగారు కూడా అప్పట్లో ఇలాగే నిన్ను బయట కూర్చోబెట్టారుగా, ఇదీ అంతేనే అన్నారు. ఇంటికొచ్చాక ఆయనే పిన్నులు తీశారు. కుట్టమని నాకిచ్చారు. రోజూ చేసే పనేగా మేడమ్. చిరిగిన పేజీ తీసేసి మంచి పేజీ పెట్టి కుట్టి ఇస్తాం. పుస్తకం అదే ఉంటుంది. అలాగే అనుకున్నాం ఇద్దరం."

పుస్తకాల మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు ఇది. జీవితమంతా పాడైన పేజీలు మార్చి మార్చి, వీలునామాలో కూడా పేజీ మార్చొచ్చనుకున్నాడు మహానుభావుడు!

వకీలమ్మ తల పట్టుకుంది. "అయ్యో, ఒక్కసారి మా మెట్లు ఎక్కి ఉంటే! పాత వీలునామా ముట్టుకోకుండా, ఇల్లు పెద్దబ్బాయికి అని వేరే కాగితం మీద రాసి, మళ్ళీ ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టించేదాన్ని. కాఫీ తాగి వెళ్ళేలోపు అయిపోయే పని. ఇప్పుడేమో సాక్షులు లేని ఈ పేజీ చిత్తుకాగితం కింద లెక్క."

"మళ్ళీ వకీలు దాకా ఎందుకు మావయ్యా, ఒక్క పేజీయే కదా అన్నది నేనే," అంది చిన్నకోడలు. "అన్నీ నేనే చేశాను. ఇల్లు బావగారికి రాయమని అడిగింది కూడా నేనే. నెలల తరబడి వెంటపడ్డాను. ఆయన ఒప్పుకోలేదు. చివరికి ఒకరోజు బావురుమని ఏడ్చి, సరే నీ ఇష్టమే అన్నారు."

అత్తరు కనుబొమలు పైకి లేచాయి. "వినడానికి బాగానే ఉంది. తనకొచ్చే ఇల్లు బావగారికి ఇమ్మని బతిమాలే మరదలు! ఎవరైనా నమ్ముతారా అక్కగారూ?"

నిజం చెప్పొద్దూ, నాకూ నమ్మబుద్ధి కాలేదు. "ఎందుకడిగావు?" అన్నాను.

ఆమె చేతిలో దారపు ముక్కని వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది.

"ఆ రోజు అన్నదమ్ములిద్దరూ కార్లో వస్తున్నారు. ఆలస్యమైందని నేను ఫోన్ చేశాను. ఆయనే ఎత్తారు. వచ్చేస్తున్నాం, వచ్చేస్తున్నాం అని నవ్వారు. అంతే, ఏదో పెద్ద శబ్దం. ఆయన పోయారు. బావగారి కాలు విరిగింది, ఇప్పటికీ కుంటుతారు. నీతో ఫోన్లో మాట్లాడుతుంటే తమ్ముడి చెయ్యి స్టీరింగు మీంచి జారిందమ్మా అని బావగారే ఆసుపత్రిలో చెప్పారు. నా ఒక్క ఫోన్ వల్ల ఒకరి ప్రాణం, ఒకరి కాలు పోయాయి. ఆ ఇల్లు బావగారికి వద్దని ఏం ముఖం పెట్టుకుని అంటాను?"

అత్తరు గడియారం చూడటం మానేశాడు. నాకు ఆ పిల్లని చూస్తే జాలేసింది. కానీ జాలి సాక్ష్యం కాదు. నాలుగింటికి పోలీసులొచ్చి, కుట్టింది నువ్వేనా అంటే అవునంటుంది. పేజీ ఎవరు మార్చారంటే చెప్పడానికి పెద్దాయన లేడు. జైలు, షాపు పోవడం, ఆపైన దొంగ అన్న పేరు. ఆమెని కాపాడగలిగింది ఒక్కటే, ఆ పాత పేజీ.

"పాత పేజీ ఏం చేశారు?"

"పారేశామండి." జవాబు మరీ తొందరగా వచ్చింది.

నేను లేచాను. గది అంతా ఒక చుట్టు తిరిగాను. బల్ల కింద చూశాను, ప్రెస్సు వెనక చూశాను, తలుపు మూల చూశాను. అత్తరు వింతగా చూస్తున్నాడు.

"ఏం వెతుకుతున్నారు అక్కగారూ?"

"చెత్తబుట్ట. రోజంతా కాగితం కోసే షాపులో చెత్తబుట్ట లేదేంటయ్యా?"

చిన్నకోడలి చేతిలో దారం ఆగిపోయింది.

అమ్మకానికో, అప్పగించడానికో సిద్ధంగా ఉన్న పుస్తకాలు గోడ అర మీద వరసగా ఉన్నాయి. ఒకటి తీసి వెన్ను దగ్గర వంచి లోపలికి చూశాను. అట్టకీ పేజీలకీ మధ్య, గట్టిదనం కోసం అంటించిన కాగితం పట్టీ కనిపించింది. దాని మీద పాత రైళ్ళ టైము పట్టిక. ఇంకొకటి చూశాను. అందులో ఎవరిదో పరీక్ష పేపరు. మూడోదాంట్లో మందుల కంపెనీ ప్రకటన.

"మీ మావయ్యగారు కాగితం ముక్క కూడా పారేయరన్నమాట. అన్నీ పుస్తకాల వెన్నులోకే. అంతేనా?"

"అంతేనండి," అంది ఆమె, వినీ వినపడకుండా.

"మరి ముగ్గురి సంతకాలున్న మంచి కాగితం పారేశారా?"

నేను ఆమె మొహమే చూస్తూ అర పొడుగునా వేలు జరుపుకుంటూ పోయాను. నా వేలు వెంట ఆమె చూపూ వస్తోంది. చివర ఒక లావుపాటి నిఘంటువు. అక్కడికొచ్చేసరికి ఆ చూపు టక్కున నేల మీదికి దిగిపోయింది. పుస్తకం తీశాను. పై అంచున కుట్టు కనిపిస్తోంది. ఆకుపచ్చ దారం. ఆ అర మీద ఆ రంగు దారం ఇంక దేనికీ లేదు.

"వద్దు మేడమ్!" ఒక్క అంగలో వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మీ కాళ్ళు పట్టుకుంటాను, దాన్ని పగలదీయొద్దు. అందులో అంతా నాకే రాశారని మావయ్యగారు చెప్పారు. అది బయటికొస్తే బావగారికి ఏమీ మిగలదు. మావయ్యగారి చివరి కోరిక చెడిపోతుంది. నా మాట విని నాలుగు మడతలు పెట్టి, ఆయనే స్వయంగా జిగురు రాసిచ్చారు. నన్ను విప్పి చూడనివ్వలేదు కూడా."

"అది బయటికి రాకపోతే నువ్వు జైలుకెళ్తావు."

"పోతే పోతాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకేమైనా పిచ్చా? నీ మీద కేసు పెట్టినవాడి ఇల్లు కాపాడటానికి నువ్వు జైలుకెళ్తావా?"

"ఆయన కాలు నా వల్ల..."

"ఆపు!"

కేకేశాను. వెంటనే నాలుక కరుచుకున్నాను గానీ, చెయ్యి మాత్రం పుస్తకాన్ని వదల్లేదు. ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, నిఘంటువు బల్ల మీద పెట్టి, తడిగుడ్డ తీసుకుని వెన్ను నానబెట్టడం మొదలుపెట్టాను. ఆమె మొహం తిప్పుకుంది. తన మంచికే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అయినా ఎవరి ఇంటి గోడో దూకినట్టే అనిపించింది.

అప్పుడే షట్టరు దగ్గర కుంటుతున్న అడుగుల చప్పుడైంది. పెద్దబ్బాయి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతికర్ర, మొహాన అలసట.

"ఏంటిది? నా షాపులో ఏం చేస్తున్నారు?"

"మీ షాపా?" అన్నాను, తలెత్తకుండా. "అది తేల్చడానికే ఈ పాట్లు."

అతను అత్తరు వైపు తిరిగాడు. "ఈవిణ్ణి ఎవరు రానిచ్చారండీ? పోలీసులకి చెప్పారా లేదా?"

"చెప్పాను సార్. వస్తున్నారు," అన్నాడు అత్తరు. అతని కళ్ళు మాత్రం నా చేతుల మీదే ఉన్నాయి. ఎంత విరోధి అయినా డిటెక్టివు డిటెక్టివే. తడిసిన అట్ట కింద ఏముందో చూడకుండా ఉండలేడు.

జిగురు మెత్తబడింది. కత్తి మొనతో అట్ట లేపాను. కింద మందంగా మడిచిన తెల్ల కాగితం పట్టీ. జిగురు బయటివైపే ఉంది, లోపలి మడతలు పొడిగా ఉన్నాయి. మెల్లగా ఊడదీసి, ఒక్కొక్క మడతే విప్పాను. మూలన నాలుగు చిల్లులు, తుప్పు మరక. అడుగున మూడు సంతకాలు.

వకీలమ్మ దాన్ని పట్టుకుని, మొదటి పేజీ మీద పెట్టి చూసింది. చిల్లులు ఒకదానిమీదొకటి సరిగ్గా కూర్చున్నాయి. టైపూ అదే, సిరా అదే.

"ఇదే అసలు పేజీ అక్కా. జడ్జిగారు తేల్చాల్సిందే అనుకో, కానీ నాకు తెలిసినంతలో ఇదే చెల్లుతుంది. తర్వాత పెట్టిన పేజీకి సాక్షులు లేరు కాబట్టి, పెట్టనట్టే లెక్క."

"చదువు," అన్నాను.

పెద్దబ్బాయి కర్ర నేలకి ఆనించి ముందుకి వంగాడు. వకీలమ్మ చదవసాగింది.

"నా షాపు, నా నివాస గృహము, యావత్తు స్థిరచరాస్తులు నా చిన్నకోడలికి చెందవలెను."

"అబద్ధం!" అన్నాడు పెద్దబ్బాయి.

అత్తరు నోరు వెళ్ళబెట్టాడు. లెక్క అతనికి అప్పుడు తెలిసొచ్చింది. "అంటే... మార్చిన పేజీ వల్ల నష్టపోయింది ఈవిడ. లాభపడింది మీరు సార్. మీరు దొంగ పేజీ అని కేసు పెట్టింది, మీకు ఇల్లు ఇచ్చిన పేజీ మీదే."

నాకు నవ్వొచ్చేది, వకీలమ్మ మొహం చూసి ఉండకపోతే. ఆమె తర్వాతి పంక్తులు లోలోపల చదువుకుంటోంది. ఆమె పెదవులు పాలిపోయాయి.

"ఏమైందే?"

"ఎవరికైనా ఏమీ ఇవ్వకపోతే, కారణం రాసి తీరాలనేవారు నాన్నగారు. లేకపోతే రేపు కోర్టులో ముసలాయన మర్చిపోయాడని వాదిస్తారని." ఆమె చిన్నకోడలి వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసింది. "చదవమంటావా?"

చదవొద్దనాల్సింది నేనే. ముందు ఆ పిల్లని కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని చెప్పాల్సింది. నాకా ఆలోచన రాలేదు. "చదువు," అన్నాను మళ్ళీ. ఆ ఒక్కమాటకి నన్ను నేను ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాను.

"నా పెద్దకుమారునికి ఏమియు ఇవ్వకుండుట మరపు వలన కాదు. ప్రమాదము జరిగిన నాడు కారు నడిపినది తానేయనియు, తమ్ముడు ప్రక్కసీటులో కూర్చుండెననియు, తమ్ముడు మరణించిన పిదప విరిగిన కాలితోనే అతనిని డ్రైవరు సీటులోనికి జరిపితిననియు, ఆసుపత్రిలో అతడు నాతో స్వయముగా చెప్పియున్నాడు. బ్రతికియున్న ఒక్క కొడుకును పోలీసులకు అప్పగించలేక నేను నోరు మూసుకొంటిని. ఆ పాపము నాది. నా చిన్నకోడలు నన్ను క్షమించవలెను."

ఎంత పని చేశావయ్యా పెద్దాయనా! అంతా ఒక్కసారిగా అర్థమైంది నాకు. ఈ రహస్యం తెలిసిన ఒకే ఒక వకీలు చనిపోయాడు. మళ్ళీ వీలునామా మార్చాలంటే ఆయన కూతురి ముందు కూర్చుని, ఎందుకు మారుస్తున్నానో చెప్పాలి. సిగ్గుపడ్డాడు. కోడలేమో లేని తప్పు నెత్తినేసుకుని, బావగారికి ఇల్లు ఇవ్వండి అని రోజూ ప్రాణం తీస్తోంది. వద్దంటే కారణం చెప్పాలి. చెప్పలేక ఏడ్చాడు. ఏడ్చి, నిజం రాసిన పేజీ నాలుగు మడతలు పెట్టి ఆమె చేతే పుస్తకం వెన్నులో అంటించాడు. దాన్ని తగలబెట్టడానికి మాత్రం చేతులు రాలేదు.

పెద్దబ్బాయి కర్ర కింద పడింది. కుంటుకాలు అడ్డం రాలేదు. ఒక్క ఉదుటున బల్ల మీదికి వంగి కాగితం మీద చెయ్యేశాడు. అతనికన్నా ముందు సెంటు వాసన గుప్పుమంది. అత్తరు అతని మణికట్టు పట్టుకుని ఉన్నాడు.

"కూర్చోండి సార్."

"నువ్వు నా మనిషివి! నేను డబ్బిచ్చాను నీకు!"

"ఇచ్చారు. దొంగని పట్టుకోమని ఇచ్చారు. పట్టుకున్నాను, కూర్చోండి."

పదిహేనేళ్ళలో మొదటిసారి నాకు ఆ వాసనకి తుమ్ము రాలేదు.

చిన్నకోడలు కదల్లేదు. ఏడవలేదు కూడా. పెద్దబ్బాయి మొహంలోకి చూస్తూ చాలా మెల్లగా అడిగింది.

"బావగారూ, నేను ఫోన్ చేసినప్పుడు ఆయన చేతులు ఖాళీగానే ఉన్నాయా?"

అతను తల వంచుకున్నాడు.

"నాలుగేళ్ళు. ఫోన్ మోగితే చాలు, గుండె ఆగిపోయేది నాకు. ఈ చేత్తో మళ్ళీ ఎవరికీ ఫోన్ చేయలేదు. ఆయన్ని నేనే చంపుకున్నానని... మీరే చెప్పారు కదా బావగారూ, ఆసుపత్రిలో, నా తల మీద చెయ్యేసి."

"భయమేసిందమ్మా," అన్నాడు అతను. "నాకు అప్పుడు భయమేసింది."

"నేను మీకు అన్నం వండి పంపాను. నెలల తరబడి. కాలు విరగ్గొట్టానని."

బయట జీపు ఆగిన చప్పుడైంది. అత్తరు పిలిచిన పోలీసులు చెప్పిన వేళకే వచ్చారు. ఇన్‌స్పెక్టరు షట్టరు కింద తల వంచి లోపలికొచ్చి, తడిసిన నిఘంటువునీ, మణికట్టు పట్టుకుని నిలబడ్డ అత్తరునీ, మా అందర్నీ ఒకసారి చూశాడు.

"ఫోర్జరీ అన్నారు. ఎవరి మీద కేసు?"

అత్తరు నోరు తెరిచాడు, నా వైపు చూశాడు, మూసుకున్నాడు. వకీలమ్మ ఏదో చెప్పబోయింది. నేను ఆమె చెయ్యి నొక్కి ఆపాను. ఈసారి మాట్లాడాల్సింది మేం కాదు.

చిన్నకోడలు వేలికి చుట్టుకున్న ఆకుపచ్చ దారం విప్పి బల్ల మీద పెట్టింది. స్టూలు వెనక్కి నెట్టి లేచి నిలబడింది.

"పేజీ కుట్టింది నేనేనండి. దాని సంగతి వకీలమ్మగారు చెబుతారు, తర్వాత రాసుకుందురుగాని. ముందు ఇంకొకటి రాసుకోండి," అంది. "నాలుగేళ్ళ కిందటి కారు ప్రమాదం కేసు. మా ఆయన అజాగ్రత్తగా నడిపి చనిపోయారని మీరే మూసేశారు. బండి నడిపింది ఆయన కాదు."